ఒకే తూము, రెండు జబ్బులు: ల్యామ్‌కూ రొమ్ము క్యాన్సర్‌కూ మధ్య జన్యుబంధం

తెలుగులో ‘జన్యుపరమైన జబ్బు’ అనగానే చాలామంది చెవికి ‘వంశపారంపర్యం’ అనే వినిపిస్తుంది. డాక్టరు నోట జన్యువు అన్న మాట రాగానే తల్లి తన కూతురి వంక చూస్తుంది, అత్తవారు కోడలి పుట్టింటి వంక చూస్తారు. అరుదైన ఒక ఊపిరితిత్తుల జబ్బుకూ రొమ్ము క్యాన్సర్‌కూ జన్యుసంబంధం కనిపిస్తోందని పరిశోధకులు చెబుతున్నప్పుడు ముందుగా వదిలించుకోవలసింది ఈ పొరపాటునే. ఆ బంధంలో పెద్ద భాగం తల్లి కడుపు నుంచి వచ్చింది కాదు. ఒక స్త్రీ పుట్టి పెరిగాక, ఆమె ఒంట్లోని కొన్ని కణాల్లో మాత్రమే జరిగిన మార్పులది.

ఆ జబ్బు పేరు లింఫాంజియోలియోమయోమాటోసిస్. నోరు తిరగని పేరు కాబట్టి వైద్యులూ రోగులూ ల్యామ్ అనే అంటారు. పది లక్షల మంది స్త్రీలలో ముగ్గురి నుంచి ఎనిమిది మందికి ఉంటుందని చాలాకాలం లెక్క వేశారు. సీటీ స్కాన్ల వాడకం పెరిగాక, అంతకంటే ఎక్కువే ఉండవచ్చన్న అంచనాలు వచ్చాయి. ఇది దాదాపుగా ఆడవాళ్ల జబ్బు. ఎక్కువమందిలో బయటపడేది ముప్పైల్లో, నలభైల్లో. నునుపు కండర కణాలను పోలిన కణాలు ఊపిరితిత్తుల్లో చేరి, పెరిగి, చుట్టూ ఉన్న కణజాలాన్ని తినేస్తాయి. అవి తినేసిన చోట గుండ్రని, పలుచని గోడలున్న గాలి తిత్తులు మిగులుతాయి. ముదిరిన ల్యామ్ ఉన్న స్త్రీ సీటీ స్కాన్ చూస్తే పెనం మీద అట్టు గుర్తుకొస్తుంది. పిండి పరిచిన కాసేపటికి ఎలా చిల్లులు పడతాయో, రెండు ఊపిరితిత్తుల నిండా అలాంటి చిల్లులే కనిపిస్తాయి.

ఆ తిత్తుల్లో ఒకటి పగిలితే గాలి ఊపిరితిత్తి బయటికి వచ్చి, ఛాతీ గోడకూ దానికీ మధ్య చేరుతుంది. ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. ఉన్నట్టుండి ఛాతీలో పొడిచినట్టు నొప్పి, ఆయాసం. ల్యామ్ ఉన్నవారిలో సగానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఎదుర్కొంటారు. కొందరికి ఛాతీలో పాలలాంటి ద్రవం చేరుతుంది. ఎక్కడినుంచో వచ్చి పడిన ద్రవం కాదది, తిన్న కొవ్వును మోసుకెళ్లే లింఫు ద్రవమే. సుమారు ముగ్గురిలో ఒకరికి మూత్రపిండాల్లో కొవ్వు, కండరం, రక్తనాళాలు కలగలిసిన కంతులు కూడా ఉంటాయి. ఊపిరితిత్తుల జబ్బుకు మూత్రపిండంలో కంతి ఏమిటన్న ప్రశ్నే జన్యువుల దాకా దారి చూపింది.

ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఒకటి ఉంది. సుమారు ఆరు వేల మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది. మూర్ఛలు, ముఖం మీద చిన్న చిన్న బొడిపెలు, మెదడులోనూ మూత్రపిండాల్లోనూ కంతులు దాని లక్షణాలు. దానికి కారణమైన రెండు జన్యువుల్లో టీఎస్‌సీ2ను 16వ క్రోమోజోము మీద 1993లో, టీఎస్‌సీ1ను 9వ క్రోమోజోము మీద 1997లో గుర్తించారు. ఈ జబ్బుతో పుట్టిన ఆడపిల్లల్లో చాలామందికి పెద్దయ్యాక ఊపిరితిత్తుల్లో అచ్చం ల్యామ్ తిత్తులే కనిపిస్తాయి. మరి ట్యూబరస్ స్క్లెరోసిస్ లేకుండానే ల్యామ్ వచ్చినవాళ్ల సంగతేమిటి? 2000లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఫాక్స్ చేజ్ క్యాన్సర్ సెంటర్‌కు చెందిన ఎలిజబెత్ హెన్స్కే బృందం దీనికి జవాబు చెప్పింది. అలాంటి స్త్రీల ల్యామ్ కణాల్లోనూ మూత్రపిండపు కంతుల్లోనూ టీఎస్‌సీ2 దెబ్బతిని ఉంది. అదే స్త్రీ ఒంట్లోని మామూలు కణాల్లో మాత్రం ఆ జన్యువు చెక్కుచెదరకుండా ఉంది.

ఈ రెండో వాక్యాన్ని తొందరపడి దాటేయకూడదు. మామూలు కణాల్లో మార్పు లేదంటే ఆమె తల్లిదండ్రుల నుంచి దాన్ని తెచ్చుకోలేదని అర్థం. తన పిల్లలకూ ఇవ్వదు. ఒంట్లో ఎక్కడో ఒక కణంలో టీఎస్‌సీ2 రెండు ప్రతులూ దెబ్బతిన్నాయి. ఆ కణం సంతతే మూత్రపిండంలోనూ ఉంది, ఊపిరితిత్తిలోనూ ఉంది. అంటే కణాలు ఒకచోటి నుంచి మరోచోటికి ప్రయాణం చేశాయి. రోగుల రక్తంలో ల్యామ్ కణాలు తిరుగుతున్నట్టు 2004లో చూపించారు. అంతకు ఏడాది ముందు వచ్చిన మరో పరిశీలన ఇంకా స్పష్టమైనది. ఊపిరితిత్తి మార్పిడి చేయించుకున్న ఒక స్త్రీకి, దాత ఇచ్చిన కొత్త ఊపిరితిత్తిలోనూ ల్యామ్ తిరిగి వచ్చింది. ఆ కొత్త కణాలను పరీక్షిస్తే అవి దాతవి కావు, రోగివే. పాత జబ్బు కణాలే కొత్త ఇంట్లో చేరాయి.

పుట్టినచోట ఉండకుండా రక్తంలోనో లింఫులోనో ప్రయాణించి, వేరే అవయవంలో దిగి, అక్కడ కాపురం పెట్టడం క్యాన్సర్ చేసే పని. సూక్ష్మదర్శిని కింద ల్యామ్ కణాలు క్యాన్సర్ కణాల్లా వికృతంగా కనిపించవు, చకచకా విభజన చెందవు. అయినా వ్యాపిస్తాయి. అందుకే దీన్ని ఇప్పుడు నెమ్మదిగా పెరిగే, వ్యాపించే గుణమున్న కంతి జబ్బుగా పరిగణిస్తున్నారు. రొమ్ము క్యాన్సర్ పరిశోధకుల చూపు ల్యామ్ మీద పడటానికి మొదటి కారణం ఇదే. రొమ్ములో పుట్టిన క్యాన్సర్ వ్యాపించేటప్పుడు తరచుగా ఎంచుకునే అవయవాల్లో ఊపిరితిత్తి ఒకటి.

ఇక టీఎస్‌సీ2 చేసే పని. చెరువు కింద వ్యవసాయం చేసిన ఊళ్లవాళ్లకు దీన్ని తూముతో చెబితే సులువుగా అర్థమవుతుంది. కణంలో ఎమ్‌టార్ అనే ప్రొటీను ఉంది. ఆహారం దండిగా ఉందా, పెరగమని సంకేతం వచ్చిందా అని చూసుకుని కణాన్ని పెంచేది అదే. దాన్ని పొలాలకు పారే కాలువ అనుకోవచ్చు. టీఎస్‌సీ1, టీఎస్‌సీ2 ప్రొటీన్లు జతకట్టి ఆ కాలువకు తూము తలుపుగా ఉంటాయి. తలుపు దించి ఉన్నంతసేపు కాలువలో నీళ్లు పారవు. తలుపు ఎత్తే నీరటి ఏకేటీ అనే మరో ప్రొటీను. అతనికి ఎత్తమని కబురు పంపేది పీఐ3కే. బయటినుంచి ఇన్సులిన్ వంటి పెరుగుదల సంకేతం రాగానే పీఐ3కే కబురు పంపుతుంది, ఏకేటీ వెళ్లి టీఎస్‌సీ2 మీద ఒక రసాయన ముద్ర వేస్తుంది, తలుపు లేస్తుంది, కాలువ పారుతుంది. పని అయ్యాక తలుపు మళ్లీ దిగాలి.

ల్యామ్‌లో తూము తలుపే కొట్టుకుపోయింది. కబురుతో పని లేదు, నీరటితో పని లేదు, కాలువ రాత్రీ పగలూ పారుతూనే ఉంటుంది. రొమ్ము క్యాన్సర్లలో చాలావాటి తీరు వేరు. అక్కడ తలుపు సాధారణంగా బాగానే ఉంటుంది. కబురు పంపేవాడే అదుపు తప్పుతాడు. హార్మోను గ్రాహకాలు, అంటే హార్మోన్ల కబురు అందుకునే ప్రొటీన్లు, ఉన్న రొమ్ము క్యాన్సర్లలో దాదాపు 40 శాతంలో పీఐ3కేకు చెందిన పీఐకే3సీఏ జన్యువులో మ్యుటేషన్ ఉంటుంది. దాంతో ‘ఎత్తు, ఎత్తు’ అన్న కబురు ఆగకుండా వెళ్తూ ఉంటుంది. మరికొన్నింటిలో ఈ కబురును ఆపవలసిన పీటెన్ అనే ప్రొటీను లేకుండా పోతుంది. కారణం ఏదైనా కాలువ మాత్రం అదే, మునిగే పొలం అదే. ల్యామ్‌కూ రొమ్ము క్యాన్సర్‌కూ జన్యుస్థాయిలో ఉన్న గట్టి ముడి ఇది. రెండింటిలో దెబ్బతినే జన్యువులు వేరు, అవి కూర్చున్న దారి ఒకటి. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే పేర్లు రొమ్ము క్యాన్సర్ సందర్భంలో అందరూ విని ఉంటారు. అవి ఈ దారిలోవి కావు. తెగిన డీఎన్ఏను అతికే పనివాళ్లు అవి, వాటి లోపం వంశంలో దిగుతుంది. ల్యామ్ చర్చలోకి వాటిని లాగితే గందరగోళమే మిగులుతుంది.

అయితే ఎమ్‌టార్ దారి ఒక్కటే సరిపోయేట్టయితే ల్యామ్ మగవాళ్లకూ సమానంగా రావాలి. టీఎస్‌సీ జన్యువులు మగవాళ్లకూ ఉన్నాయి. ట్యూబరస్ స్క్లెరోసిస్‌తో పుట్టిన మగపిల్లలకు మూత్రపిండాల్లో కంతులు వస్తాయి. ల్యామ్ మాత్రం మగవాళ్లలో అత్యంత అరుదు. ఇక్కడ రెండో సంబంధం మొదలవుతుంది, అది ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను. ల్యామ్ కణాల మీద ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ గ్రాహకాలు ఉంటాయి. మెజారిటీ రొమ్ము క్యాన్సర్ల మీద ఉండేవీ అవే. గర్భం దాల్చినప్పుడు ల్యామ్ ముదిరిన సందర్భాలు ఉన్నాయి. నెలసరి ఆగిపోయాక జబ్బు వేగం తగ్గుతుంది. టీఎస్‌సీ2 లేని కణాలను ఎలుకల్లో ప్రవేశపెట్టి ఈస్ట్రోజెన్ ఇస్తే, ఆ కణాలు రక్తంలో ఎక్కువసేపు బతికి, ఊపిరితిత్తుల్లో ఎక్కువగా చేరాయని 2009లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఇంతకీ ఆ తొలి కణం ఎక్కడ పుడుతుందన్నది తేలలేదు. ఒక్కొక్క కణాన్నీ విడదీసి జన్యువుల పనితీరును చదివిన ఇటీవలి పరిశోధనల్లో ల్యామ్ కణాల్లో గర్భాశయ కణాల గుర్తులు కనిపించాయి. అదే నిజమైతే ఆడవాళ్లకే ఎందుకన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ఒకే దారి, ఒకే హార్మోను, ఒకేలాంటి ప్రయాణం. ఇన్ని పోలికలున్నప్పుడు ల్యామ్ ఉన్న స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ కూడా ఎక్కువగా వస్తోందా అని లెక్క తీయాలని ఎవరికైనా అనిపిస్తుంది. బార్సిలోనాలోని పరిశోధకులు ఇతర దేశాల సహచరులతో కలిసి ఆ పని చేశారు. జపాన్, స్పెయిన్, బ్రిటన్ దేశాల ల్యామ్ రోగుల వివరాలు తీసుకుని, 2000 నుంచి 2014 మధ్య వారిలో ఎంతమందికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందో చూశారు. ఆయా దేశాల్లో అదే వయసు స్త్రీలకు మామూలుగా రావలసిన సంఖ్యతో పోల్చారు. 2016లో ప్రచురించిన ఫలితం ప్రకారం ల్యామ్ ఉన్నవారిలో రొమ్ము క్యాన్సర్ ఊహించినదానికి 2.81 రెట్లు వచ్చింది. నెలసరి ఆగని వయసు వారిని మాత్రమే తీసుకుంటే అది 4.88 రెట్లు.

అంకెలు చూసి బెంబేలెత్తే ముందు వాటి పక్కన ఉన్న మరో రెండు అంకెలనూ చదవాలి. 2.81 అన్నది అసలు విలువకు ఒక అంచనా. అది 1.32 నుంచి 5.57 మధ్య ఎక్కడైనా ఉండవచ్చని ఆ అధ్యయనమే చెప్పింది. అంత వెడల్పైన పరిధి ఎప్పుడు వస్తుందంటే, లెక్కలోకి వచ్చిన మనుషులు తక్కువైనప్పుడు. అరుదైన జబ్బుల పరిశోధనలో ఇది తప్పనిసరి కష్టం. మూడు దేశాలు గాలించినా రోగులు కొద్దిమందే దొరుకుతారు. అధ్యయనకర్తలు కూడా ముప్పు ‘ఉన్నట్టు సూచిస్తోంది’ అన్నారే తప్ప తేల్చేశామనలేదు, రోగులను ఇకముందు ఏళ్ల తరబడి గమనిస్తూ సాగే అధ్యయనాలు కావాలన్నారు.

మరో రెండు మెలికలున్నాయి. ల్యామ్ ఉన్న స్త్రీకి ఛాతీ స్కాన్లు మళ్లీ మళ్లీ తీస్తారు. ఆసుపత్రి గడప తొక్కని స్త్రీలో ఏళ్ల తరబడి దాగే రొమ్ము గడ్డ, ఈమెలో ముందుగానే కంటపడవచ్చు. అలాగే ల్యామ్ ముదిరిన చాలామంది గర్భం వద్దనుకుంటారు, లేదా వద్దని సలహా పొందుతారు. పిల్లలు పుట్టకపోవడం, తొలి కాన్పు ఆలస్యం కావడం రొమ్ము క్యాన్సర్ ముప్పును కొంత పెంచుతాయని దశాబ్దాలుగా తెలుసు. కాబట్టి ఆ 2.81లో జన్యువుల వాటా ఎంత, బతుకు తీరు వాటా ఎంత అన్నది విడదీయవలసిన లెక్కే. ఇంత చెప్పినా ఆ ఫలితాన్ని కొట్టిపారేయడం తప్పు. మూడు వేర్వేరు దేశాల్లో, వేర్వేరు తిండి, వేర్వేరు వైద్య వ్యవస్థల మధ్య, ఒక్కో దేశంలోనూ కనీసం 2.25 రెట్లు కనిపించింది. కాకతాళీయం అనుకోవడానికి మనసొప్పదు.

పుట్టుకతో వచ్చే వాటా అసలే లేదా అంటే, ఉంది, కానీ చిన్నది. 2019లో అమెరికాలోని బోస్టన్ కేంద్రంగా డేవిడ్ క్వియాట్‌కోవ్‌స్కీ తదితరులు నాలుగు వందలకు పైగా ల్యామ్ స్త్రీల జన్యుపటాన్ని ల్యామ్ లేని స్త్రీల జన్యుపటంతో పోల్చారు. 15వ క్రోమోజోము మీద ఎన్ఆర్2ఎఫ్2 అనే జన్యువు దగ్గర తేడా దొరికింది. హార్మోన్ల కబుర్లు అందుకునే ప్రొటీన్ల కుటుంబానికి చెందినది ఈ జన్యువు. రొమ్ము క్యాన్సర్ కణాల్లోనూ దీన్ని పరిశీలిస్తున్నారు. ఇలాంటి తేడాలు జనాభాలో చాలామందిలో ఉంటాయి, వాళ్లలో దాదాపు ఎవరికీ ల్యామ్ రాదు. నేల కాస్త పదునుగా ఉండటం లాంటిదది. విత్తనం పడటం వేరే సంగతి.

జన్యువుల ముడి ఎంత నిజమో మందుల దగ్గర తెలుస్తుంది. పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ దీవికి 1964లో వెళ్లిన కెనడా వైద్య బృందం అక్కడి మట్టి నమూనాలు తెచ్చింది. మాంట్రియల్‌లోని అయెర్స్ట్ ప్రయోగశాలలో ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, దీవి స్థానిక నామం రాపా నుయి మీదుగా రాపమైసిన్ అని పేరు పెట్టారు. ఆ పనికి ముందు నిలిచినవాడు సురేంద్రనాథ్ సెహగల్, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివిన శాస్త్రవేత్త. ఎనభైల మొదట్లో సంస్థ మాంట్రియల్ ప్రయోగశాలను మూసివేసినప్పుడు, ఆ సూక్ష్మజీవి నమూనాలను పారేయడానికి ఆయనకు మనసు రాలేదు. ఇంటికి తెచ్చి ఫ్రీజర్‌లో దాచుకున్నాడు. ఎమ్‌టార్ అన్న పేరే ఆ మందు వల్ల వచ్చింది. రాపమైసిన్ వెళ్లి పట్టుకునే లక్ష్యం అని దాని అర్థం. ఇంటి ఫ్రీజర్‌లో కొన్నేళ్లు నిద్రపోయిన ఆ సీసాల రుణం రెండు జబ్బుల స్త్రీల మీదా ఉంది.

మొదట మూత్రపిండ మార్పిడి రోగులకు వాడిన ఆ మందును, సిరోలిమస్ పేరుతో ల్యామ్ మీద పరీక్షించారు. ఫ్రాన్సిస్ మెక్‌కార్మాక్ నేతృత్వంలో అమెరికా, కెనడా, జపాన్‌లలో 89 మంది స్త్రీల మీద జరిగిన ఆ ప్రయోగ ఫలితాలు 2011లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారు ఒక్క సెకనులో బలంగా ఊదగలిగే గాలి నెలకు సగటున 12 మిల్లీలీటర్ల చొప్పున తగ్గింది. సిరోలిమస్ వేసుకున్నవారిలో ఆ తగ్గుదల ఆగింది. ఏడాది తర్వాత మందు ఆపగానే మళ్లీ తగ్గడం మొదలైంది. తూము తలుపు కొట్టుకుపోయిన కాలువకు అడ్డంగా మట్టికట్ట వేయడం లాంటిది ఈ మందు. కట్ట ఉన్నన్నాళ్లే నీళ్లు ఆగుతాయి. 2015లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని ల్యామ్‌కు మొదటి మందుగా ఆమోదించింది.

అదే మందుకు తోబుట్టువు ఎవరోలిమస్. హార్మోను గ్రాహకాలున్న, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 724 మంది స్త్రీలలో, ఈస్ట్రోజెన్ తయారీని ఆపే ఎగ్జెమెస్టేన్‌తో కలిపి దీన్ని ఇచ్చి చూశారు. ఎగ్జెమెస్టేన్ ఒక్కటే తీసుకున్నవారిలో జబ్బు పెరగకుండా ఉన్న మధ్యస్థ కాలం 2.8 నెలలైతే, రెండూ కలిపి తీసుకున్నవారిలో 6.9 నెలలు. 2012లో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. అయితే మొత్తం ఆయుష్షులో నిలిచే తేడాను ఆ ప్రయోగం చూపలేకపోయింది. క్యాన్సర్‌కు ఒక్క కాలువ కాదు, అనేకం ఉంటాయి.

ఈ రెండు మందుల్లో దేన్ని మింగినా ఎక్కువమంది చెప్పే మొదటి బాధ నోటిపూత. పెదవుల లోపలా నాలుక అంచునా తెల్లని పుళ్లు లేస్తాయి. ఆవకాయ కలిపిన ముద్ద సంగతి అటుంచి, మిరియాల చారు కూడా మండుతుంది. ఊపిరితిత్తుల ఓపీ ముందు కూర్చున్న స్త్రీ, క్యాన్సర్ ఓపీ ముందు కూర్చున్న స్త్రీ ఒకరినొకరు ఎరగరు. అయినా ఇద్దరూ పెరుగన్నంతో సరిపెట్టుకుంటున్నది ఒకే ప్రొటీనును అడ్డుకునే మందు వల్ల.

హార్మోను వైపునుంచి మాత్రం ఆశించిన ఫలితం రాలేదు. రొమ్ము క్యాన్సర్‌లో అండాశయాలు తీసివేయడం, ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే టామోక్సిఫెన్, లెట్రోజోల్ మందులు ఎందరినో కాపాడాయి కాబట్టి ల్యామ్‌లోనూ అవే పనిచేస్తాయని అనుకోవడం సహజం. దశాబ్దాలపాటు ప్రొజెస్టరోన్ ఇచ్చారు, అండాశయాలు తీసేశారు. గట్టి రుజువు దొరకలేదు. నెలసరి ఆగిన ల్యామ్ స్త్రీలకు లెట్రోజోల్ ఇచ్చిన ప్రయోగంలో చేరినవారు 17 మందే, అంతమందితో ఏదీ తేలదు. 2016 నాటి అమెరికా, జపాన్ ఊపిరితిత్తుల వైద్య సంఘాల మార్గదర్శకాలు హార్మోను చికిత్సను ల్యామ్‌కు వాడవద్దనే సూచించాయి. పోలిక ఎంత దగ్గరగా కనిపించినా, ఒక జబ్బు మందు మరో జబ్బుకు పనికొస్తుందో లేదో పరీక్షించి చూడందే చెప్పలేమని ఈ అనుభవం చూపుతోంది.

మన దగ్గర ల్యామ్ తొలి అడుగులోనే దారి తప్పుతుంది. ముప్పై ఏళ్ల స్త్రీకి ఆయాసం, దగ్గు, ఛాతీలో నీరు అంటే ముందు గుర్తొచ్చేవి టీబీ, ఉబ్బసం. టీబీ ఇంత విస్తారంగా ఉన్న దేశంలో ఆ అనుమానం తప్పు కాదు. మందులు వాడినా తగ్గనప్పుడు, ఊపిరితిత్తి రెండోసారి ముడుచుకుపోయినప్పుడు, ఛాతీలోంచి తీసిన నీరు పాలలా ఉన్నప్పుడు కూడా అదే అనుమానం దగ్గర ఆగిపోవడమే తప్పు. అక్కడ మంచి సీటీ స్కాన్ ఒకటి, రక్తంలో వీఈజీఎఫ్-డి అనే ప్రొటీను ఎంతుందో చూసే పరీక్ష ఒకటి చాలాసార్లు దారి చూపుతాయి. స్కాన్‌లో ల్యామ్ తరహా తిత్తులు ఉండి, వీఈజీఎఫ్-డి మిల్లీలీటరుకు 800 పీకోగ్రాములు దాటితే, ఊపిరితిత్తి ముక్క కోసి తీయకుండానే జబ్బును నిర్ధారించవచ్చు.

నిర్ధారణ అయ్యాక రొమ్ము సంగతి కూడా అడగాలి. మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం దీనిదే, 2022 అంచనాల ప్రకారం ఏడాదికి సుమారు 1.92 లక్షల కొత్త కేసులు. ల్యామ్ ఉన్న స్త్రీ ఊపిరితిత్తుల వైద్యుని దగ్గరికి ప్రతి మూడు, ఆరు నెలలకూ వెళ్తూనే ఉంటుంది. ఊపిరి ఊది చూపిస్తుంది, స్కాన్ తీయించుకుంటుంది. ఛాతీ స్కాన్‌లో రొమ్ములూ కొంతవరకు కనిపిస్తాయి కానీ అది మామోగ్రామ్‌కు బదులు కాదు. ముప్పు మూడింతలని తేలకపోయినా, నలభైకి చేరువైన ల్యామ్ రోగి రొమ్ము పరీక్ష గురించి వైద్యుని సూటిగా అడగడానికి 2016 నాటి ఆ లెక్క చాలినంత కారణం. గర్భనిరోధక మాత్రలు కావాలన్నా, నెలసరి ఆగాక హార్మోను మాత్రలు వేసుకోవాలన్నా, వాటిలో ఈస్ట్రోజెన్ ఉందా లేదా అని ముందు చూసుకోవాలి. ల్యామ్ ఉన్నవారు ఈస్ట్రోజెన్‌కు దూరంగా ఉండాలని వైద్యులు చెబుతారు.

కూతురి సంగతి అడిగే తల్లికి చెప్పవలసిన జవాబు రెండు ప్రశ్నల మీద ఆధారపడుతుంది. ఆమెకు మూర్ఛలు, ముఖం మీద బొడిపెలు, చర్మం మీద తెల్ల మచ్చలు వంటి ట్యూబరస్ స్క్లెరోసిస్ గుర్తులున్నాయా? ఉంటే బిడ్డకు ఆ జన్యువు దిగే అవకాశం సగానికి సగం, బిడ్డను పరీక్షించాలి. లేకపోతే ఆమె ల్యామ్ ఆమెతోనే ఆగుతుంది. తల్లివైపో తండ్రివైపో చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లున్నారా అన్నది రెండో ప్రశ్న. ఉంటే అది బీఆర్‌సీఏ దారి, దానికి పరీక్ష వేరు, సలహా వేరు. ల్యామ్ పేరుతో తెరిచిన ఫైలులో రెండో ప్రశ్నకు సాధారణంగా చోటుండదు కాబట్టి, అమ్మమ్మకూ మేనత్తకూ వచ్చిన జబ్బుల పేర్లు, అవి వచ్చిన వయసులు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లడం మంచిది.